ఇత్తడి తూటాతొడుగు

వేటగాని గుఱి తప్పినపుడు లోకము ముందుగా నిందించునది అతని కన్నును, తరువాత చేతిని, ఆ పిమ్మట తుపాకిని. తుపాకి ప్రేలిన పిదప నేలమీద పడు ఖాళీ ఇత్తడి తొడుగును నిందించువారు మిక్కిలి అరుదు. అది పని తీరిన వస్తువు. పిల్లలు ఏరుకొనిపోయి ఈలగా ఊదుకొందురు. కాని తుపాకుల చరిత్రను చదివినకొలదియు నాకు దృఢపడిన సంగతి యొకటి కలదు. గుండు ఎచ్చట తగులుననెడి విషయమున, ఆ త్రోసివేయబడు తొడుగునకు గల పాలు స్వల్పమైనది కాదు. ఒకప్పుడు దాని లోపమువలన సైనికులు యుద్ధభూమిలో నిరాయుధులైరి. ఒకప్పుడు దాని నిలువలు మన దేశపు వానకాలమున తమంతట తామే పగిలి అధికారులను కలవరపెట్టినవి. నేడును గుఱిపందెములలో చిన్నగుండ్ల రైఫిళ్లు పట్టువారు ఒక్కొక్క తొడుగును తూచి, కొలిచి, ఏఱి, మఱల మఱల నింపుకొనుచున్నారు. ఈ ప్రసంగమున నేను ఆ తొడుగు పుట్టుపూర్వోత్తరములను, ఒక తొడుగునకును వేఱొక తొడుగునకును గల భేదము గుఱిని చెఱచు విధమును మనవి చేసెదను.

తూటా యనగా నాలుగు వస్తువుల కూటమి. మొనయందుండునది గుండు. దాని వెనుక నుండునది మందు. అడుగున నుండి, దెబ్బ తగులగనే నిప్పు పుట్టించునది రంజకపు టోపీ. ఈ మూడింటిని ఒక్కచోట పట్టియుంచు పాత్ర ఇత్తడి తొడుగు. గుండు పోవును, మందు కాలిపోవును, టోపీ నలిగిపోవును, తొడుగు మాత్రము మిగులును. ఆ మిగిలినదానికి క్రొత్త టోపీ పెట్టి, మందు పోసి, గుండు బిగించి మఱల వాడుకొనుటయే తూటాను మఱల నింపుట.

పూర్వపు తుపాకులకు తొడుగు లేదు. గొట్టపు మూతినుండి మందు పోసి, పేలిక కుక్కి, గుండు జాఱవిడిచి, కడ్డీతో దట్టించి కాల్చెడి నాటుతుపాకిని పెద్దలలో పలువురు ఎఱిగియే యుందురు. అందు మందు కొలత చేతివాటము. నేటి కొలత నిన్నటి కొలత కాదు. దట్టించిన బిగువు ఒక్కొక్కమాఱు ఒక్కొక్క తీరు. ఇట్టి తుపాకితో దగ్గఱనున్న పందిని కొట్టవచ్చును గాని దూరమున నున్న కొబ్బరికాయను కొట్టుట అదృష్టముపై ఆధారపడిన పని.

ఈ చిక్కును తొలగించుటకు మొదట వచ్చినది కాగితపు తూటా. కొలిచిన మందును గుండును కాగితపు పొట్లములో చుట్టి సిపాయికి ఇచ్చిరి. సిపాయి పొట్లమును పంట కొఱికి, మందు పోసి, గుండు దట్టింపవలెను. 1853వ సంవత్సరపు ఎన్‌ఫీల్డు రైఫిలునకు వచ్చిన పొట్లములకు కొవ్వు పూసిరన్న మాట కలకత్తా చెంత నున్న డండం నుండి వ్యాపించుటయు, 1857 మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే తిరుగబడుటయు, మే 10న మీరటులో దండు లేచుటయు అందఱెఱిగిన కథయే. ఆ మహోపద్రవమునకు కారణములు పెక్కులు కలవు. కాని నిప్పు అంటుకొనినది మాత్రము ఒక తూటాతొడుగు దగ్గఱనే.

తరువాత గొట్టపు వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు వచ్చెను. వీనితో క్రొత్త కష్టమొకటి పుట్టినది. వెనుక తెఱచి మూయు తలుపు ఎంత బాగుగ అమర్చినను, మందు ప్రేలినపుడు మంట సందులగుండ వెనుకకు చిమ్మి కాల్చువాని మొగమునకు తగులుచుండెను. ఈ సందును మూయగలిగినది లోహపు తొడుగు. మందు ప్రేలగనే తొడుగు పొంగి గొట్టపు గోడలకు అంటుకొని దారి మూసివేయును. మంట తగ్గగనే వెంట్రుకవాసి ముడుచుకొని బయటికి సులువుగ వచ్చును. పొంగుట, ముడుచుకొనుట అను రెండు గుణములును కావలెను. పొంగకున్న మంట వెనుకకు వచ్చును. ముడుచుకొనకున్న తొడుగు గొట్టములో ఇఱుకుకొనును. మొదట కొందఱు రాగిని వాడిరి. రాగి పొంగును గాని తిరిగి ముడుచుకొనుట చాలదు. రాగికి తుత్తునాగమును చేర్చిన ఇత్తడి ఈ రెండు పనులకును తగియున్నది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము కలిసిన ఇత్తడికి నేడును తూటాయిత్తడి యనియే పేరు.

1866లో ఇంగ్లండునందలి వూలిచ్ ఆయుధశాలలో ఎడ్వర్డు బాక్సర్ అను సేనాధికారి ఒక తొడుగును కల్పించెను. అది నేటివలె ఒక్క ముక్క కాదు. పలుచని ఇత్తడిరేకును చాపవలె చుట్టి, అడుగున ఇనుపబిళ్ల తాపడము చేసినది. ఖర్చు తక్కువ, చేయుట సులువు. అదే సంవత్సరమున అమెరికాలో హైరం బెర్డన్ అను నతడు వేఱొక రకము టోపీ అమరికకు హక్కుపత్రము పొందెను. చిత్రమేమనగా, నేడు ఆంగ్లేయుడైన బాక్సరుని టోపీని అమెరికావారు వాడుచుండగా, అమెరికావాడైన బెర్డనుని టోపీ ఐరోపాఖండపు సైన్యములలో స్థిరపడినది. బాక్సరు టోపీకి తొడుగు అడుగున నడుమ ఒక్కటే రంధ్రము. ఖాళీ తొడుగులోనుండి సన్నని కడ్డీ దూర్చి పాత టోపీని త్రోసివేయవచ్చును. అందువలననే మఱల నింపుకొనువారికి బాక్సరు అమరిక ప్రియమైనది.

ఆ చుట్టిన రేకు తొడుగు 1871లో బ్రిటిషు సైన్యమున ప్రవేశించిన మార్టినీ-హెన్రీ రైఫిలులోను కొనసాగెను. దాని లోపము ఆఫ్రికాఖండపు ఎడారిలో బయటపడినది. ఖార్టూం నగరమున ముట్టడిలో చిక్కిన జనరల్ గార్డనును విడిపించుటకు పోవుచున్న దండు 1885 జనవరి 17న సూడానునందలి అబూ క్లీ అను నూతులచోట మహదీ అనుచరులను ఎదుర్కొనెను. కాల్చి కాల్చి వేడెక్కిన గొట్టములలో, ఇసుక మెదిగిన యంత్రములలో, పలుచని రేకుతొడుగులు అంటుకొనిపోయినవి. బయటికి లాగు కొక్కెము అడుగుబిళ్లను చింపుకొని వచ్చెనే గాని చుట్టిన రేకు లోపలనే నిలిచిపోయెను. శత్రువు మీదికి వచ్చుచుండగా సైనికుడు చేతనున్న రైఫిలును కఱ్ఱగా వాడుకొనవలసివచ్చినది. బ్రిటిషువారు ఆ దినమున గెలిచిరి గాని వారి చతురస్రవ్యూహము ఒకచోట చీలినది. ఆ పిమ్మట ఒకే ముక్కగా సాగదీసిన గట్టి ఇత్తడితొడుగులను త్వరపడి ప్రవేశపెట్టిరి. 1888లో వచ్చిన .303 రైఫిలు నాటికి చుట్టిన రేకు పని ముగిసినది.

ఒకే ముక్కగా సాగదీయుట యనగా నేమి? మన కంచరివాని పని చూచినవారికి ఇది తెలియుట కష్టము కాదు. కంచరి ఇత్తడిరేకును సుత్తితో కొట్టి చెంబుగా మలచునపుడు కొంతసేపటికి రేకు బిఱుసెక్కును. ఇంకను కొట్టినచో పగులును. అందువలన దానిని ఎఱ్ఱగా కాచి మెత్తబఱచి మఱల కొట్టును. ఓరుగల్లు సీమలోని పెంబర్తి శిల్పులు నేటికిని ఈ మర్మము నెఱిగి పని చేయుచున్నారు. తూటాకార్ఖానాలోను జరుగునది ఇదియే. సుత్తికి బదులు యంత్రము. మందమైన ఇత్తడిబిళ్లను మొదట గిన్నెగా నొక్కుదురు. గిన్నెను కాచి, సన్నని సందుగుండ సాగదీయుదురు. మఱల కాచి, మఱల సాగదీయుదురు. ఇట్లు పలుమాఱులు చేయగా అడుగు మందముగను, గోడ పైకి పోయినకొలది పలుచగను ఉన్న పొడవైన గొట్టమేర్పడును. కడపట పైభాగమును నొక్కి మెడ తీర్చి, ఆ మెడను మాత్రము మంటలో కాచి మెత్తబఱతురు. కొన్ని తొడుగుల మెడయొద్ద కనబడు నీలిచాయ మఱక ఈ మంట మిగిల్చిన గుఱుతే. అడుగు బిఱుసుగ నుండవలెను. మెడ మెత్తగ నుండవలెను. ఈ తారతమ్యమే తొడుగునకు ప్రాణము.

ఈ మార్పుతో కలిసి వచ్చిన వేఱొక ఫలితమును చరిత్రకారులు తఱచుగా గమనింపరు. నాటుతుపాకి దినములలో మందును గుండ్లను పల్లెలోనే చేసికొనగలిగిరి. సాగదీసిన ఇత్తడితొడుగు వచ్చిన పిదప తూటా పల్లెచేతినుండి కార్ఖానాచేతికి పోయినది. ఎంత నేర్పరియైన కంచరియు ఒకే తీరున వేయి తొడుగులు చేయజాలడు. తుపాకి ఎవరిచేత నున్నను దాని ప్రాణము కార్ఖానా గలవానిచేతికి చిక్కెను. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజును అతని మన్యపు అనుచరులును చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడి తుపాకులతోపాటు తూటాలను గొనిపోవుటలో గల అర్థమిదియే. కొండలలో విల్లు చేసికొనవచ్చును, బాణము చేసికొనవచ్చును. తూటా మాత్రము సర్కారు పెట్టెలోనుండి రావలసినదే. తెచ్చినది తఱుగునే గాని పెరుగదు.

ఇక వానకాలపు కథ. పందొమ్మిదవ శతాబ్దమున బ్రిటిషు సైన్యము మన దేశమున నిలువచేసిన తూటాలలో ఒక వింత రోగము కనబడినది. ఎవరును కాల్చలేదు, కొట్టలేదు. వానకాలము గడచిన తరువాత పెట్టె తెఱచి చూడగా కొన్ని తొడుగులు నిలువునా పగిలియుండెను. ఋతువును బట్టి వచ్చునదిగాన దీనికి ఋతుపగులు అని పేరు పెట్టిరి. దీని మర్మమును 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు స్పష్టపఱచిరి. సాగదీసిన ఇత్తడిలో, బయటికి కనబడని యొక బిగువు దాగియుండును. లాగికట్టిన త్రాడులో నుండునట్టిదే. వానలలో తూటాలను గుఱ్ఱపుసాలలలో దాచెడివారు. గుఱ్ఱపు మూత్రమునుండి వెలువడు అమ్మోనియా యను ఘాటైన ఆవిరి, చెమ్మతో కలిసి, బిగువుతో నున్న ఇత్తడిని రేణువుల సందులలో తినివేయును. పాత్రలకు కళాయి వేయువాడు నవాసాగరము చల్లినపుడు ముక్కున గ్రుచ్చుకొను పొగలో ఈ ఆవిరియు కలదు. దీనికి మందు కనుగొనుట కష్టము కాలేదు. తొడుగు తయారైన పిదప కొంచెము వేడిమిలో కాచి లోని బిగువును సడలించినచో ఋతుపగులు రాదు. పశువుల కొట్టములో ఇత్తడిసామాను దాచరాదను నీతిని గూడ మన మిందుండి గ్రహింపవచ్చును.

ఇంతవఱకు చెప్పినది తొడుగు పగులకుండ, ఇఱుకకుండ, ప్రాణము తీయకుండ చేసికొనిన కథ. ఇప్పుడు గుఱి కథకు వచ్చుచున్నాను. దీనికి మూలసూత్రము మన అంగడివీధిలోనే దొఱకును. ఒక వర్తకుని తక్కెడ ఎల్లప్పుడును వీసెకు రెండు తులములు తక్కువగా తూచుననుకొందము. ఆ సంగతి తెలిసినవాడు రెండు తులములు కలుపుకొని నష్టపోకుండ బేరమాడగలడు. వేఱొక వర్తకుని తక్కెడ ఒకమాఱు ఎక్కువ, ఒకమాఱు తక్కువ తూచును. వానియొద్ద ఎంతటి తెలివిగలవాడును మోసపోవలసినదే. తుపాకియు నట్లే. గుండ్లన్నియు జానెడు ఎడమకు పోవుచున్నచో గుఱిచూచు కంటిని జరిపి సరిచేయవచ్చును. ఒకటి ఎడమకు, ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోవుచున్నచో సరిచేయుటకు మార్గము లేదు. గుఱికి శత్రువు లోపము కాదు, వ్యత్యాసము. ఈ సూత్రమును చేతితో తడవి తెలిసికొనినవారు పందెపు కాల్పరులు.

జర్మనుభాష మాటలాడు వలసవారు అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దమున షూట్‌సెన్ సంఘములను ఏర్పఱచుకొని, 200 గజముల దూరమున నిలుచుండి గుఱిపందెము లాడెడివారు. వారిలో నేర్పరులైన కాల్పరుల పద్ధతి నాకు మిక్కిలి ముచ్చటగొలుపును. పందెమంతటికిని వారు పట్టుకొనిపోవు తొడుగు ఒక్కటే. కాల్చుట, ఆ తొడుగునే బయటికి తీయుట, పాత టోపీ తీసి క్రొత్తది పెట్టుట, మందు పోయుట, మఱల కాల్చుట. గుండును తొడుగులో బిగింపక వేఱుగ గొట్టములో అమర్చెడివారు. తొడుగు ఒక్కటే యైనపుడు ఒక తొడుగునకును మఱియొక తొడుగునకును భేదమను మాటయే పుట్టదు. వ్యత్యాసమును జయించుటకు ఇంతకంటె సులువైన ఉపాయము లేదు. హ్యారీ పోప్ అను ప్రసిద్ధ గొట్టపుశిల్పి ఈ పద్ధతివారికి రైఫిళ్లు చేయుటలో పేరొందెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనులపై పుట్టిన ద్వేషముతో ఈ సంఘములు సన్నగిల్లినవి.

ఆ కాలముననే మసాచుసెట్సు రాష్ట్రమున ఫ్రాంక్లిన్ మాన్ అను వైద్యుడు గుండ్లు ఏల చెదరునో తెలిసికొనుటకు దశాబ్దములు వెచ్చించెను. మనుష్యుని చేయి, కన్ను, ఊపిరి అనువానిని ప్రక్కకు త్రోసి, గొట్టమును కదలని ఆధారముపై నిలిపి, ఒక్కొక్కమాఱు ఒక్కొక్క కారణమునే మార్చి చూచెను. 1909లో ఆ పరిశోధనలను గ్రంథముగ ప్రకటించెను. గుండు అడుగు వంకరయైనను, గుండు తన నడిమిగీటు తప్పి గొట్టములో దూరినను చెదరునని ఆయన చూపెను. దీనికిని తొడుగునకును సంబంధమేమి యందురేమో. గుండును నడిమిగీటున నిలుపునది తొడుగు మెడయే. మెడ ఒక ప్రక్క మందముగను వేఱొక ప్రక్క పలుచగను ఉన్నచో గుండు మొదటి అడుగులోనే ప్రక్కకు ఒఱగును. వంకర కాడికి కట్టిన ఎద్దు చాలు తిన్నగా ఎట్లు దున్నును?

చిన్నగుండ్ల రైఫిళ్ల కాలము దీని తరువాతిది. అంగుళమున నూటికి 22 పాళ్లు, అనగా రమారమి ఐదున్నర మిల్లీమీటర్లు, వ్యాసము గల గుండ్లు ఈ తరగతిలోనివి. వీనిలో తఱచైన .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో వచ్చినది. దానికి వేఱుగ టోపీ లేదు. రంజకము అంచులోనే యుండును. ఒకమాఱు కాల్చగా అంచు నలిగిపోవుటవలన దానిని మఱల నింపుటకు వీలు లేదు. కాబట్టి దానిని వాడు పందెపు కాల్పరులు తొడుగులను ఏఱుకొనజాలక, కార్ఖానానుండి వచ్చిన ఒక్కొక్క విడతను కాల్చి చూచి, తమ రైఫిలునకు కుదిరిన విడతనే పెట్టెలకొలది కొనుక్కొందురు. 1930లో .22 హార్నెట్ అను తూటా అంగడికి వచ్చెను. 1885 నాటి పాత నల్లమందు తూటాను అమెరికా సైన్యపు ఉద్యోగులు కొందఱు క్రొత్తమందుతో ప్రయోగించి చూడగా పుట్టినది ఇది. 1950లో మైక్ వాకర్ కల్పించిన .222 రెమింగ్టన్ బల్లపై ఆనించి కాల్చు పందెములలో రెండు దశాబ్దములకు పైగా రాజ్యమేలెను. దానిని దించినది 1975లో వచ్చిన ఆఱు మిల్లీమీటర్ల పి.పి.సి. దీనిని కల్పించినవారు లూయీ పాల్మిసానో అను వైద్యుడును, ఫెర్రిస్ పిండెల్ అను పనిముట్ల శిల్పియు. వారు రష్యాదేశపు వేటతూటా తొడుగును తీసికొని పొట్టిగను లావుగను మలచిరి.

చిన్న తొడుగునకు పెద్ద తొడుగుకంటె వ్యత్యాసము ఎక్కువ బాధ కలిగించును. ఉద్ధరిణెడు నీరు బానలో తగ్గినను తెలియదు. చెంబులో తగ్గినచో తెలియును. తూటాపనిలో తూనిక గ్రెయిన్లలో చెప్పుదురు. ఒక గ్రెయిను రమారమి గురువిందగింజలో సగము. పదునైదున్నర గ్రెయిన్లు ఒక గ్రాము. .303 తొడుగును నీటితో నింపిన సుమారు 56 గ్రెయిన్ల నీరు పట్టును. 1964లో వచ్చిన .223లో దానిలో సగము. హార్నెటులో సుమారు 14. ఒకే పరిమాణపు భేదము పెద్దదానికంటె చిన్నదానికి రెండింతలు, నాలుగింతలు బరువగుట సహజమే గదా.

భేదము ఎట్లు పుట్టును? పైకి ఒకే కొలతగల రెండు సోలలను తీసికొనుడు. ఒకదాని గోడ మందము, వేఱొకదాని గోడ పలుచన. మందపుసోలలో బియ్యము తక్కువ పట్టును. తూటాతొడుగు పైకొలత తుపాకిగదిని బట్టి యుండవలెను గాన కార్ఖానాలన్నిటిదియు ఒక్కటియే. లోపలి చోటు మాత్రము గోడ మందమును బట్టి మాఱును. ఇత్తడి నీటికంటె ఎనిమిదిన్నర రెట్లు బరువైనది. కావున .223 తొడుగులు రెండింటికి నాలుగు గ్రెయిన్ల బరువు తేడా యున్నచో లోపలి చోటులో సుమారు అర గ్రెయిను నీటిపాటి తేడా యుండునని లెక్కకట్టవచ్చును. అది ఆ చోటులో అఱువదింట ఒకవంతు. అదే మందు ఇఱుకు చోటున మండినచో ఒత్తిడి హెచ్చును. గుండు వడి హెచ్చును. వదులు చోటున మండినచో రెండును తగ్గును. సైన్యపు కార్ఖానాలలో తయారైన కొన్ని తొడుగులు అంగడితొడుగులకంటె మందముగ నుండును. పలుచని తొడుగులో క్షేమమైన మందు మందపు తొడుగులో అపాయమగుట కలదు. అందుచేతనే తెలిసినవారు తొడుగు అడుగున చెక్కియున్న కార్ఖానా గుఱుతును, సంవత్సరమును చదివి, ఒక్కటే గుఱుతు గల వానిని ఒక్క గుంపుగా నుంచి వాడుదురు.

వడిలో తేడా గుఱిని ఎంత చెఱచునను ప్రశ్నకు దూరమును బట్టి సమాధానము మాఱును. సెకనుకు 3000 అడుగుల వడిగల గుండ్లలో నూటికి ఒక పాలు, అనగా 30 అడుగులు, తేడా యున్నదనుకొందము. 100 గజముల దగ్గఱ దీనివలన గుండు పైకి గాని క్రిందికి గాని పోవునది ఒక మిల్లీమీటరు మాత్రమే. 600 గజముల దగ్గఱ అదియే తేడా సుమారు బెత్తెడగును. కాబట్టి దగ్గఱిపందెములవారు మెడ సమముగ నుండుటను, దూరపుపందెములవారు వడి సమముగ నుండుటను ఎక్కువగా పాటింతురు. తూచి ఏఱినంత మాత్రమున గొప్ప మేలు కనబడలేదని చెప్పు అనుభవజ్ఞులును కలరు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. అధికమైన బరువు లోపలి గోడలో గాక అడుగు అంచునందే యున్నచో లోపలి చోటు మాఱదు. అందువలన జాగ్రత్తపరులు బరువును నమ్మక నీరు పోసియే చోటును కొలుతురు.

చోటు తరువాత చెప్పదగినది మెడ బిఱుసు. తొడుగును కాల్చినపుడెల్ల మెడ పొంగును; మఱల నింపునపుడెల్ల దానిని నొక్కి ఇఱుకు చేయుదురు. ఈ పొంగునొక్కులవలన, కంచరి సుత్తిక్రింది రేకువలెనే, మెడ బిఱుసెక్కును. రెండుమాఱులు కాల్చిన మెడ ఒక పట్టు పట్టును. ఎనిమిదిమాఱులు కాల్చిన మెడ వేఱొక పట్టు పట్టును. గుండును విడుచు తీరు మాఱినచో మందు మండు తీరును మాఱును. కడకు మెడ పగులును. దీనికి చికిత్స కంచరివానిదే: మెడను మాత్రము కాచి మెత్తబఱచుట. అడుగునకు వేడి తగులనీయరాదు. అడుగు మెత్తబడినచో తొడుగు ఒత్తిడికి తాళలేక కాల్చువాని ప్రాణమునకే ముప్పు తెచ్చును.

కడపటిది నిప్పు పోవు రంధ్రము. టోపీలోని నిప్పు ఈ రంధ్రముగుండ మందును చేరవలెను. సాధారణముగ దీని వ్యాసము రెండు మిల్లీమీటర్లు, పి.పి.సి. తొడుగులో ఒకటిన్నర. కార్ఖానాలో రంధ్రమును గ్రుచ్చి చేసినచో లోపలి అంచున చిన్న పొక్కు మిగులుట కలదు. అది ఒక తొడుగులో ఉండి వేఱొకదానిలో లేకున్న నిప్పు ఒకదానిలో ప్రక్కకు, వేఱొకదానిలో తిన్నగా చిమ్మును. పొయ్యిలో ఊదెడి గొట్టపు మూతికి మసి కట్టినపుడు మంట ఎట్లు వంకరపోవునో గృహిణుల నడిగిన తెలియును.

ఈ విషయమును విని మఱల నింపుటకు ఎవరును పూనుకొందురేమోనని ఒక మాట చెప్పవలసియున్నది. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి అనుమతి లేక తుపాకిని గాని తూటాను గాని ఉంచుకొనుటయు, తయారుచేయుటయు నేరము. నా ఉద్దేశము ఒక వస్తువు చరిత్రను తెలుపుటయే.

ఈ చరిత్రనుండి నేను గ్రహించిన సారము ఇది. అబూ క్లీలో లోపమును సరిదిద్దుటకు గట్టి ఇత్తడి చాలినది. గుఱ్ఱపుసాలలో రోగమును కుదుర్చుటకు కొంచెము సెగ చాలినది. అవి కంటికి కనబడు లోపములు, చికిత్సయు కనబడినది. వ్యత్యాసము అట్టిది కాదు. నూఱు తొడుగులలో ఏ ఒక్కటియు చెడ్డది కాకపోవచ్చును. విడివిడిగా చూచినచో ప్రతిదియు పనికివచ్చునదే. కలిపి వాడినపుడు మాత్రము ఒకదానితో ఒకటి పొందక గుండ్లను చెదరగొట్టును. దోషము ఏ తొడుగులోను లేదు. తొడుగుల నడుమ నున్నది. పంటకాలువ మీద పదిమంది రైతులు పది రకముల కొలతలతో నీరు వాడుకొన్నపుడు, ఏ రైతును దొంగ కాకయే, కడపటి పొలము ఎండిపోవుట మనము చూడలేదా? తగవు తీర్చు పెద్దలు అచ్చట ముందుగా వెదకవలసినది దొంగను కాదు, సరియైన కొలతను.